ఇంటి తొట్టిలో పొట్టి కిత్తలి

పూర్వపు కృష్ణామండలమునకు మెట్టసీమయై, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల రైతులకు కిత్తనార క్రొత్తది కాదు. దానిని కంచెగా నాటుదురు. మట్టలనుండి నార తీసి త్రాళ్లు పేనుదురు. ఆ జాతికే చెందిన పొట్టి సంకరపు మొక్కలు అలంకారార్థమై నేడు నర్సరీలలో దొరకుచున్నవి. వానిని ముంగిట పెంచగోరు సభ్యులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కిత్తలి జాతికి జన్మభూమి మెక్సికో, దాని పరిసరములు. సంకరములలో పేరొందినది 'బ్లూ గ్లో'. మట్టకు ముండ్లులేని 'అటెన్యుయేటా', సన్నని బిరుసుమట్టల 'ఒకాహుయి' దీనికి తల్లిదండ్రులు. ఇది సుమారు రెండడుగులకు మించి పెరుగదు. నీలిపచ్చని మట్టల అంచున ఎఱ్ఱని గీత యుండును.

ఈ మొక్క పగటియెండలో ఆకురంధ్రములను మూసికొని, రాత్రివేళ తెఱచి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. అందుచే దానిలోని నీరు మిక్కిలి తక్కువగా ఆవిరియగును. కావున ఇది నీరు లేక చచ్చుటకంటె నీరెక్కువై చచ్చుటయే తఱచు.

మన నల్లరేగడి ప్రత్తికి మేలైనదే కాని తొట్టికి తగదు. తేమను పట్టియుంచి వేళ్లను కుళ్లించును. అడుగున రంధ్రముగల మట్టితొట్టి తీసికొని, ఎఱ్ఱమన్ను ఒకపాలు, ముతకయిసుకయు సన్నగులకయు కలిపి ఒకపాలు నింపవలెను. చివికిన పశువులయెరువు పిడికెడు చాలును. మొక్క మొదలు మంటికి పైనే యుండవలయును.

మన్ను లోపలివఱకు ఆరిన పిమ్మటనే నీరు పోయుడు. వేసవిలో వారమున కొకసారియు, చలికాలమున రెండుమూడు వారముల కొకసారియు సాధారణముగా చాలును. వానకాలమున తొట్టిని చూరుక్రిందికి చేర్చుడు. ఉదయపుటెండ మంచిది, రోహిణికార్తె యెండలకు మట్టలు మాడును గనుక మధ్యాహ్నము నీడ కల్పింపుడు. నర్సరీనీడలో పెరిగిన మొక్కను ఒక్కదినముననే యెండలో పెట్టరాదు. రెండువారములు క్రమముగా అలవాటు చేయవలెను. మట్టల మొదళ్లలో తెల్లని పిండినల్లి కనబడినచో సబ్బునీటిగుడ్డతో తుడువుడు.

మట్టల రసము మేనికి తగిలిన దురద పుట్టును. కొనముల్లు కంటికి ప్రమాదము. కావున పిల్లలు ఆడుచోటను, దూడలను కట్టుచోటను ఉంచరాదు.

సంకరమగుటచే విత్తనమునుండి తల్లివంటి మొక్క రాదు. పిలకలను వేఱుచేసి నాటవలెను. 'బ్లూ గ్లో' పిలకలు వేయుట అరుదు గనుక దానిని కణజాలవర్ధనముచే వృద్ధి చేయుదురు. అనేక వత్సరముల కొక్కసారి పూచి, పిదప మొక్క చచ్చును. అది దాని స్వభావమే కాని పెంపకపు లోపము కాదు.

తుదకొక్క హెచ్చరిక. ఇది కంటికింపు గూర్చునదే కాని రాబడినిచ్చు పంట కాదు. నారకు వేఱుజాతులు గలవు. లాభములు వర్ణించి ఎవరేని ఎకరములకొలది నాటుమన్నచో అప్పుచేసి దిగకుడు. ఒక్కతొట్టితో ఆరంభించి, ఒక వానకాలము గడచి మొక్క నిలిచిన పిమ్మటనే రెండవది కొనుట తెలివి.