షేక్: బిరుదు ఇంటిపేరైన తీరు





షేక్ అనేది అరబ్బీ గౌరవపదం. వయసు పైబడటాన్ని తెలిపే ధాతువు నుంచి పుట్టింది కాబట్టి దాని తొలి అర్థం వృద్ధుడు. తెగలో పెద్దవారి మాటే చెల్లేది గనక తెగ నాయకుడూ షేక్ అయ్యాడు. క్రమంగా వయసుతో పని లేకుండా పాండిత్యానికీ ఈ బిరుదు దక్కింది. వైద్యుడూ తత్త్వవేత్తా అయిన ఇబ్న్ సీనాను ‘అష్షేఖుర్రయీస్’ అన్నారు. కైరోలోని అల్ అజ్హర్ విద్యాపీఠం అధిపతి నేటికీ షేక్ అల్ అజ్హరే. సూఫీ మార్గంలో శిష్యుడికి దారి చూపే గురువు షేక్. పలు గల్ఫ్ పాలక కుటుంబాల్లో మాత్రం ఇది పుట్టుకతో వస్తుంది. అక్కడ మగవారు షేక్‌లు, ఆడవారు షేఖాలు.

భారతదేశంలో ముస్లింలను సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు వర్గాలుగా చెప్పడం పాత అలవాటు. సయ్యద్ అంటే ప్రవక్త వంశీకుడు. షేక్ అరబ్బు మూలాన్ని సూచించేదే అయినా, ఇస్లాం స్వీకరించిన స్థానిక కుటుంబాలెన్నో ఆ పేరే పెట్టుకున్నాయి. అందువల్ల పేరును బట్టి వంశమూలం తేల్చడం కుదరదు.

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. అరబ్బీ బిరుదూ పేరుకు ముందే వస్తుంది. ఈ రెండు వరుసలూ ఒకటే కావడంతో బడి రిజిస్టర్లలో, ఓటర్ల జాబితాల్లో షేక్ ఇంటిపేరుగా కుదురుకుంది. పొట్టిగా ‘ఎస్‌కే’ అయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆడవారి పేర్ల ముందు కూడా షేక్ అనే ఉంటుంది, షేఖా అని కాదు. ఇక్కడ అది బిరుదుగా మిగల్లేదనడానికి ఇదే నిదర్శనం.

బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లు వారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి పొందారు. ‘మా ప్రభువు’ అనే అర్థంలో మతపండితులకు వాడే మౌలానా కూడా అరబ్బీ బిరుదే. ఆయన పేరులో ఒక బిరుదు ఇంటిపేరైతే, మరొకటి సొంత పేరైంది.

చట్టంలోనూ ఈ మాటకు చోటుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, ఆ జాబితాలో షేక్‌ను చేర్చింది. సయ్యద్, మొగల్, పఠాన్‌లను చేర్చలేదు.

వాడుకలో గుర్తుంచుకోవలసింది ఒకటే. అరబ్బు పండితుడి పేరు ముందున్న షేక్ గౌరవం, దాన్ని వదిలేయకూడదు. తెలుగు ఊళ్లో ‘షేక్ గారూ’ అని పిలిస్తే వీధిలో సగంమంది తిరిగి చూస్తారు. ఇక్కడ పేరు పట్టి ‘నాజర్ గారూ’ అని పిలవడమే మర్యాద.