పరిశోధనకు వచ్చే పిల్లలకు

నందిగామలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక మా ఇంటికి పీహెచ్‌డీ పిల్లల రాకపోకలు పెరిగాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

1. ఎవరివల్ల తెలిసిందో వాళ్ల పేరు రాయండి.

జగ్గయ్యపేట ధనబోడు స్తూపం దగ్గరి శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటిది. అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టిన సిద్ధార్థుడనే పనివాడు రాజు పేరుతో సరిపెట్టలేదు. తండ్రి ఎవరో, తనది ఏ ఊరో చెప్పి, తల్లినీ భార్యనీ పిల్లల్నీ పేరుపేరునా చేర్చాడు. 1882లో ఇక్కడ తవ్వించింది బర్జెస్ అనీ, శాసనాలు చదివింది బ్యూలర్ అనీ మీ థీసిస్‌లన్నిటా ఉంటుంది. పార పట్టినవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

కావలి సోదరులదీ ఇదే కథ. బొర్రయ్య, లక్ష్మయ్య లేకపోతే కల్నల్ మెకంజీ పోగుచేయించిన ఊరూరి చరిత్రలు, అంటే కైఫీయతులు, లేవు. బొర్రయ్యకు తానెంత రుణపడ్డాడో మెకంజీ దాచుకోలేదు, అది ఆయన పెద్దరికం. 1821లో మెకంజీ పోయాక, ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, సహాయకుడిగా పనికొస్తాడు గానీ అంతటి పనికి చాలడని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు తేల్చేశారు. గైడ్‌లు కొందరు ఇవాళ్టికీ శిష్యుల్ని ఆ చూపుతోనే చూస్తారు. ఊళ్లు తిరిగేది శిష్యుడు, వ్యాసం మీద మొదటి పేరు గురువుగారిది.

2. రాయి కదపకముందే రాసుకోండి.

1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞ మీద అమరావతి స్తూపం దిబ్బను తవ్వి పారేశారు. ఏ ఫలకం ఎక్కడుండేదో సరైన లెక్క లేదు. తర్వాత వచ్చిన బర్జెస్ వాపోయాడు గానీ ఏం లాభం?

3. తాటాకు పుస్తకం ఇంటివాళ్ల ఎదుటే ఫొటో తీసుకుని, అక్కడే ఇచ్చేసి రండి. ‘చూసి ఇస్తా’మని పట్టుకెళ్లినవి తిరిగిరాని ఇళ్లు ఈ చుట్టుపక్కల నాకు తెలుసు.

4. శాతాలు చూసి మురిసిపోకండి.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌కు ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల దొంగతనాన్ని. శాసనం దాకా ముళ్లకంపల్లో నడిపించిన రైతును మీరు వదిలేస్తే ఏ శాతమూ పట్టదు.

5. పని తెలిసిన మనిషిని తయారుచేయండి.

మన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో పోయేనాటికి ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలే వచ్చాయి. అయితే ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్న మల్లంపల్లి సోమశేఖర శర్మగారు తర్వాత రెడ్డి రాజ్యాల చరిత్ర రాశారు.

పట్టా చేతికొచ్చాక మీ నోట్సు, ఫొటోలు పెట్టెలో దాచుకోకండి. ఒక కాపీ ఆ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి, ఇంకొకటి మీ తర్వాత వచ్చేవాళ్లకు అందేట్టు చూడండి.