అరువు పద్దు: ఒక చిన్న లెక్క

ఏలూరు వన్‌టౌన్‌లో పాత కిరాణా కొట్ల తీరు చూడండి: కింద కొట్టు, పైన షావుకారు కాపురం. ఇప్పుడు వాటిని పడగొట్టి, కింద సూపర్‌మార్కెట్టు, పైన ఫ్లాట్లు అంటే అది మనకు కొత్తేమీ కాదు. కొత్తదల్లా అద్దె. ఆ అద్దె గిట్టాలంటే సరుకు రోజూ నగదు కావాలి, అరువు కుదరదు.

మాది కొల్లేటి పక్క వ్యవసాయం. డబ్బు కనపడేది సార్వాకొకసారి, దాళ్వాకొకసారి. మధ్యలో పప్పూ, నూనే అన్నీ ఏలూరు షావుకారు పద్దులోనే. లెక్క వేద్దాం. సూపర్‌మార్కెట్టులో 1,000 రూపాయల సరుకు కొట్టులో 1,040 అనుకోండి. కొట్టుకైతే నూర్పిళ్ళయ్యాక, నాలుగు నెలలకు కడతాం. సూపర్‌మార్కెట్టుకైతే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఆ వెయ్యి తేవాలి. నాలుగు నెలలకు వడ్డీయే 80. జీతగాడికి అక్కడ చౌక, మా నాన్నకు ఇక్కడ.

ఇంకొకటి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు లేబుల్ వేసిన బియ్యం ప్యాకెట్టుకు 5 శాతం జి.ఎస్.టి.; గోనె విప్పి తూచి ఇస్తే లేదు. (రైతులు బియ్యం కొనడమేమిటని నవ్వకండి. మా వైపు చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి.)

మా షావుకారు కూడా స్థలం బిల్డరుకిచ్చేశాడు. పాత బాకీ సంక్రాంతిలోగా తీర్చమన్నాడు. తీర్చాం, నా పరీక్ష ఫీజుకని దాచిన డబ్బుతో.