తాగాలని మనసు గుంజితే?

చేవెళ్ల మార్కెట్లో టమాటకు ధర రాలేదు. మనసు పాడైంది. ఇంటికి పోయే తొవ్వలో కల్లు దుకాణం కనబడింది. కాళ్లు అటే పోతయి. ఎందుకు?

తాగుడు అలవాటైనవారికి బాధ, కోపం, ఒక్కోసారి సంతోషం కూడా తాగుడును గుర్తుచేస్తాయి. సీసా కనబడితే చూపు దాని మీదే నిలుస్తుంది. ఇది మెదడుకు పట్టిన అలవాటు.

కోరిక అల వంటిది. లేస్తుంది, దిగుతుంది. చాలాసార్లు అరగంటలో తగ్గుతుంది. ఆ అరగంట దాటాలి. వేరే తొవ్వన పోవాలి. కడుపు నిండా తినాలి. అయినవారితో మాట్లాడాలి.

ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ. మగవారంత తాగినా వారికే మత్తు, కాలేయానికి చెరుపు ఎక్కువ. సిగ్గుతో దాచుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది.

1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దుకాణం మూస్తే కంటి ముందు సీసా ఉండదు. కాని మనసులోని కోరికకు మందు, తోడు కావాలి.

జాగ్రత్త! రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. ప్రాణానికే ముప్పు. డాక్టరుకు చూపించుకొని మానాలి. సలహాకు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు.

చర్చించండి: మీ ఊళ్లో కోరిక ఏ వేళ, ఏ చోట లేస్తుంది? ఆ అరగంట తోడుండేదెవరు?