గ్రహముల స్వరూప పరీక్ష

శుక్రుఁడు సాయంకాలమున గానవచ్చు దినములలో, నారాయణఖేడు పొలములనుండి చూచువారికి తారకలన్నిటికంటె మిన్నగా వెలుఁగును. ఆ వెలుఁగు వాని సొంతము కాదు. 1874 డిసెంబరు 9వ తేదీన విశాఖపట్టణమున అంకితం వేంకట నరసింగరావుగారు దూరదర్శినితో పరిశీలించినపుడు ఆ శుక్రుఁడే సూర్యబింబముపై నల్లని చుక్కయై సాగెను.

పరిమాణమున శుక్రుఁడు భూమికి ఇంచుమించు సముఁడు. అయినను దట్టమగు బొగ్గుపులుసు వాయువు వేడిమిని వెలికిఁ బోనీయకుండుటచే నచ్చటి ఉష్ణము సుమారు 460 డిగ్రీలు. సూర్యునికి మఱింత చేరువనున్న బుధుఁడైనను ఇంత వేఁడి యెఱుఁగఁడు. శని బరువున భూమికి 95 రెట్లు. విస్తారమున సుమారు 760 రెట్లగుటచే వాని సాంద్రత నీటికంటెను తక్కువ.

కావున వెలుఁగునో, సామీప్యమునో, బరువునో యొక్కదానినే చూచి గ్రహగుణమును నిర్ణయింపరాదు. ఇట్లు కొలిచి, తూచి, పోల్చి నేర్చిన బాలబాలికలు శని పేరు విని వెఱవరు.