ఇంగ్లీషు పదాలు – లాటిన్ ధాతువులు – మనకు తెలిసిన దారి



స్టడీ అవర్‌లో రోజుకు పది ఇంగ్లీషు పదాలు నోటుబుక్కులో రాసుకొని బట్టీ పట్టడం మన హాస్టల్‌లో అందరికీ అలవాటే. నేనూ పట్టాను. ఆదివారం వచ్చేసరికి డెబ్బైలో పది కూడా మిగిలేవి కావు. నాకు ఇంగ్లీషు రాదని అప్పుడే తీర్మానించుకున్నాను. ఒక్కో పదాన్నీ చుట్టాలెవరూ లేనట్టు విడిగా నేర్చుకోవడమే నా తప్పు అని డిగ్రీకి వచ్చాక గాని తెలియలేదు.

ఇంగ్లీషు పదాల్లో సగానికి పైగా లాటిన్ నుంచి వచ్చినవే. కొన్ని చర్చి ద్వారా, చదువుల ద్వారా నేరుగా వచ్చాయి. చాలా పదాలు 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మీదుగా వచ్చాయి. లాటిన్‌లో 'పోర్టారే' అంటే మోయడం. మూటలు మోసేవాడు పోర్టర్. లోపలికి మోస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తే ట్రాన్స్‌పోర్ట్. సంగతిని వెనక్కి మోసుకొచ్చి చెబితే రిపోర్ట్. కింద ఉండి మోస్తే సపోర్ట్. ఒక్క ధాతువుతో ఆరు పదాలు!

ఇంతవరకు ఏ గైడు పుస్తకంలోనైనా ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి మాట.

1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ఏషియాటిక్ సొసైటీలో చెప్పాడు. అంటే మన తెలుగు వాచకంలోని సంస్కృత పదాలకూ లాటిన్ పదాలకూ చుట్టరికం ఉంది. దంతం - డెంటిస్ట్, నావ - నేవీ, దానం - డొనేషన్, అగ్ని - ఇగ్నిషన్, నామం - నామినేషన్. సప్త అంటే ఏడు గదా, సెప్టెంబరు తొమ్మిదో నెల ఎందుకయింది? రోమన్ల పాత క్యాలెండరు మార్చితో మొదలయ్యేది, అందుకని.

మన బాసర స్టేషన్‌కే వెళ్దాం. లాటిన్ 'స్టారే', సంస్కృత 'స్థా' రెండింటికీ నిలబడటమే అర్థం. స్టేషన్ - స్థానం. ఎదురుగా నిలబడేది ఆబ్‌స్టకిల్. ఎడంగా నిలబడితే డిస్టెన్స్. ఇక సర్కమ్‌స్టెన్స్ అనే పొడుగాటి పదం చూడండి. సర్కమ్ అంటే చుట్టూ. మన 'పరి' కూడా చుట్టూ అనే. చుట్టూ నిలిచి ఉన్నది పరిస్థితి, అదే సర్కమ్‌స్టెన్స్! ఈ పదాన్ని నేను మూడేళ్లు బట్టీ పట్టాను.

అదే రైల్లో ఇటు వెళ్తే నిజామాబాద్ జంక్షన్, అటు వెళ్తే ముద్ఖేడ్ జంక్షన్. 'జంక్ట్' అంటే కలిపినది, మన 'యుక్త'మే. కన్ అంటే కలిసి, 'సం' లాగా. కాబట్టి కన్‌జంక్ట్ అంటే సంయుక్తం. అమ్మవారి దగ్గర అక్షరాభ్యాసం చేసుకున్న పిల్లలు కొన్నాళ్లకు నేర్చుకునే సంయుక్తాక్షరాన్ని ఇంగ్లీషులో ఆ పేరుతోనే పిలుస్తారు. విద్య, వేదం అనే మాటలకు మూలమైన 'విద్' అంటే తెలుసుకోవడం. లాటిన్ 'విదేరే' అంటే చూడటం. విజన్, వీడియో, ఎవిడెన్స్ అన్నీ ఆ ఇంటివే.

అయితే ధాతువు చూసి గుడ్డిగా అర్థం చెప్పకూడదు. ఒక ప్రవేశ పరీక్షలో ఇన్‌వాల్యుబుల్ అని ఇచ్చారు. 'ఇన్' అంటే లేదు కాబట్టి విలువ లేనిది అని గుర్తు పెట్టాను, మార్కు పోయింది. విలువ కట్టలేనిది అని అర్థం. తెలుగులో 'అమూల్యం' అచ్చంగా అలాగే తయారయింది, ఆ మాట గుర్తొస్తే తప్పేవాణ్ణి కాదు. ఇన్‌ఫ్లేమబుల్‌లో అసలు 'లేదు' అనే అర్థమే లేదు. మంట అంటుకునేది అని అర్థం. పెట్రోలు ట్యాంకర్ పక్కన అగ్గిపుల్ల గీసేముందు ఈ ముక్క తెలిసి ఉండాలి.

ఇంకో హెచ్చరిక. ఇంట్లో మాట్లాడే కన్ను, చెయ్యి, నీళ్లు, ఇల్లు వంటి మాటలకు లాటిన్‌తో చుట్టరికం వెతకకండి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు ధాతువుల్నే చూపించి రుజువు చేశాడు. మన రెండు, మూడు, నాలుగుకు చుట్టాలు ఆదిలాబాద్ గోండుల రండ్, మూండ్, నాలుంగ్. కాబట్టి విద్య, పరిస్థితి అనే మాటలు కూడా మనలో చాలామంది ఇళ్లలో వినక, బడికొచ్చి నేర్చుకున్నవే. అవి వచ్చినప్పుడు విజన్ ఎందుకు రాదు?

నోటుబుక్కులో పేజీకి ఒక ధాతువు రాయండి. పైన దాని అర్థం, తెలుగులో చుట్టముంటే ఆ మాట. పేపర్లో, పాఠంలో కొత్త పదం కనబడినప్పుడల్లా దాని పేజీలో చేర్చండి. ముందు ఊహించండి, వాక్యంలో అతుకుతుందో లేదో చూడండి, ఆ తర్వాత డిక్షనరీ తీయండి.

'పెడ్' పేజీ మీకే వదిలేస్తున్నాను. మన పాదమే. పెడల్, పెడెస్ట్రియన్ తేలికే. సెంటిపీడ్‌లో శతం కూడా ఉంది. శతపాది, అంటే మన జెర్రి. ఎక్స్‌పెడిషన్ దగ్గర మాత్రం కాస్త ఆగండి. దాని మూలానికి మొదటి అర్థం కాలి సంకెల విడిపించడం.