వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో అదే చర్చ. చూడబోతే కాలేజీలు బోలెడు. కంప్యూటర్ సైన్సు ఒక్కటే ఏఐ అని, డేటా సైన్స్ అని, సైబర్ సెక్యూరిటీ అని ఎన్ని రకాలుగానో చీలింది. బాబాయిది ఒక మాట, పక్కింటి సీనియర్‌ది ఇంకో మాట. అన్నీ విన్న పిల్ల చివరికి "ఏదైనా పర్లేదు, మీరే పెట్టేయండి" అంటుంది. దాన్ని బద్ధకం అనుకోకండి. తల తిరిగిపోయి అంటున్న మాట అది.

షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో 24 రకాల జామ్‌లు పెట్టినప్పుడు, ఆగి చూసినవాళ్లలో కొన్నది నూటికి ముగ్గురే. ఆరు రకాలే పెడితే నూటికి ముప్ఫైమంది కొన్నారు. తర్వాతి పరిశోధనల్లో అన్నిచోట్లా ఇలాగే తేలలేదు. తనకేం కావాలో ముందే తెలిసినవాళ్లు అంతగా తికమకపడరు. మనకు పనికొచ్చేది ఈ సంగతే.

అందుకని వెబ్‌సైట్ తెరవకముందే ఒక తెల్లకాగితం పిల్లల చేతికివ్వండి. హాస్టలా, ఇంటి నుంచా? రోజూ బస్సులో రెండు గంటలు కూర్చోగలరా? ఏ సబ్జెక్టైతే ఎవరూ చెప్పకుండానే చదువుతారు? ఫీజు ఎంతవరకు కట్టగలమో మీరూ దాచకుండా చెప్పండి. ఆ జవాబులకు సరిపడే ఆరేడు కాలేజీల మీదే మనసు పెట్టి మాట్లాడుకోండి. వరస మాత్రం పిల్లలనే వేయనివ్వండి.

అలాగని ఆరేడుతో ఆపేయకండి, సీటే రాకపోవచ్చు. మిగతావి నిరుటి చివరి ర్యాంకులు చూసి కింద చేర్చుకుంటూ పోవచ్చు, దానికి నిద్ర మానక్కర్లేదు. జాబితాను పైనుంచి చూస్తూ, ర్యాంకుకు అందిన మొదటి ఆప్షన్ దగ్గర సీటు ఇస్తారు. కాబట్టి రాదేమో అనుకున్న కాలేజీని పైన పెట్టినా నష్టం లేదు. చేరడం బొత్తిగా ఇష్టం లేనిదాన్ని మాత్రం ఎక్కడా పెట్టకండి.

అయ్యంగార్ మరో ఇద్దరితో కలిసి 2006లో ఇంకో ఫలితం ప్రకటించారు. అన్నిటికన్నా మంచి ఉద్యోగమే కావాలని వెతికిన పట్టభద్రులకు జీతం 20 శాతం ఎక్కువే వచ్చింది, తృప్తి మాత్రం మిగతావాళ్లకన్నా తక్కువ. పిల్లలకు ఆ అసంతృప్తిని మనమే అంటించకూడదు. ఫీజు కట్టి కాలేజీలో చేరాక, బంధువుల గ్రూపులో ఎవరికెక్కడ సీటు వచ్చిందో వాళ్ల ముందు చదవకండి. కొత్త కాలేజీలో ఏం చెబుతున్నారో అడగండి.